గాలివాన వెలిశాక కోనేరు చూసేదెవరు?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో గాలివాన వచ్చిపోయిన మరునాడు జరిగే పనులు అందరికీ తెలిసినవే. విరిగిన కరెంటు స్తంభాలు లెక్కపెడతారు. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను నరికి పక్కకు లాగుతారు. మహానంది, బండి ఆత్మకూరు వైపు అరటి తోటలు నేలవాలితే రెవెన్యూ వారు, ఉద్యానశాఖ వారు పుస్తకాలు పట్టుకొని గట్ల మీద తిరుగుతారు. ఎన్ని ఎకరాలు, ఎంతమంది రైతులు అన్న జాబితా తయారవుతుంది. పరిహారం వస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. లెక్క మాత్రం ఉంటుంది.

ఆ లెక్కలోకి రానివి ఊరి కోనేరు, పాత దిగుడు బావి, తోటలోని ఈత బావి. అవి పంట కావు, రోడ్డు కావు, ఇల్లు కావు. అందువల్ల వాటి నష్టం రాసుకునే కాగితమే లేదు. వాన వెలిసిన రెండు మూడు రోజులకు ఎండ కాస్తుంది. పిల్లలు మెట్లు దిగుతారు, ఆడవారు బట్టలు తెచ్చుకుంటారు, భక్తులు స్నానానికి వస్తారు. మెట్టు కదిలిందో లేదో, నీటి అడుగున కొమ్మ ఉందో లేదో తెలిసేది ఎవరికో ఒకరికి దెబ్బ తగిలినప్పుడే. ఇల్లు కాలిన తర్వాత బావి తవ్వినట్లన్న సామెత ఉన్నది. ఇక్కడ బావి ఉండి కూడా దాన్ని చూసే దిక్కు లేదు.

నీళ్లున్న సీమ

రాయలసీమ అంటే ఎండిన నేల అనుకునేవారికి నల్లమల అంచు గురించి తెలియదు. మహానందిలో ఏడాది పొడవునా ఊట పారుతుంది. ఆలయంలోని రుద్రగుండం, బయటి విష్ణుగుండం, బ్రహ్మగుండాల నీరు అడుగున పడిన నాణెం కనిపించేంత తేటగా ఉంటుంది. ఆ నీరే బయటికి పారి అరటికి, వరికి చేరుతుంది. ప్రథమనంది మొదలు వినాయకనంది వరకు నవనందుల వెంట తిరిగితే ఈ ప్రాంతంలో దేవుడికీ నీటికీ ఉన్న చుట్టరికం కనిపిస్తుంది. యాగంటిలో కొండ నుంచి వచ్చే నీరు కోనేట్లో నిలుస్తుంది. ఆళ్లగడ్డ దాటి అహోబిలం చేరితే భవనాశిని వాగు ఎదురవుతుంది.

ఇవి పేరున్న చోట్లు. పేరులేని దిగుడు బావులు, కపిల తోలిన రోజుల నాటి పెద్ద బావులు పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి. బోర్లు వచ్చాక వాటి నీటి అవసరం తగ్గింది గాని, ఈత అవసరం తగ్గలేదు. నడుముకు బెండో, ఎండిన సొరకాయ బుర్రో కట్టుకొని ఈత నేర్చిన తరం పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. వారి మనుమలు కూడా వేసవి సెలవుల్లో అదే బావి గట్టు నుంచి దూకుతున్నారు. పట్టణాల్లో కొత్తగా టైల్స్ పరిచి కట్టుకుంటున్న ఈత కొలనులకూ ఈ పాత బావులకూ తేడా రాతిలో ఉన్నది గాని, వాన చేసే చెరుపులో లేదు.

ఆ చెరుపు ఎంత దూరం రాగలదో ఈ ప్రాంతానికి తెలియనిది కాదు. 2009 అక్టోబరులో కర్నూలు నగరం నీట మునిగి, ఇళ్లనిండా బురద మిగిలింది. 2019 సెప్టెంబరులో నంద్యాల పరిసరాల్లో కుండపోత కురిసి, మహానంది ఆలయ ఆవరణలోకి వరద నీరు చేరింది. నంద్యాలకు కుందూ, మద్దిలేరు, చామకాలువ ఉన్నాయి. ఆళ్లగడ్డకు వక్కిలేరు ఉన్నది. నల్లమలలో పడిన వాన గంటల్లో దిగువకు వస్తుంది. కోనేరు నిండటం మంచిదే. అయితే అది దేనితో నిండిందన్నది ముఖ్యం.

చెట్టు చేసే పని

కోనేటికి మొదటి శత్రువు పిడుగు కాదు, కాకి. రావి, మర్రి, జువ్వి పండ్లు తిన్న పక్షులు గోడ మీద వాలి రెట్ట వేస్తాయి. అందులోని విత్తనం రాళ్ల సందులో మొలకెత్తుతుంది. పైకి రెండు ఆకులు కనిపించే నాటికే వేరు తడిని వెతుక్కుంటూ లోపలికి పోయి ఉంటుంది. ఏడాదికి వేలంత లావవుతుంది, కొన్నేళ్లకు చేయంత. రాయిని రాయి నుంచి విడదీయడానికి గడ్డపార అక్కరలేదు, ఆ వేరు చాలు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. రెండాకుల మొక్కను వేరుతో సహా తీసి, సందును సున్నంతో పూడ్చడం ఒక మనిషికి పావుగంట పని. అదే మొక్కను ఏటా పైపైన కొడవలితో కోసి వదిలేస్తే తల పెరగదు గాని వేరు లావెక్కుతూనే ఉంటుంది. ఉత్సవానికి ముందు గోడకు వెల్లవేసేవారు చేసేది సరిగ్గా ఇదే. నాలుగు రోజులు కంటికి శుభ్రంగా ఉంటుంది. లోపల గోడ విచ్చుకుంటూ ఉంటుంది.

ఇక మానైన తర్వాత తొందరపడి నరకడం మరో పొరపాటు. అప్పటికి ఆ వేళ్లే రాళ్లను పట్టుకొని ఉంటాయి. మాను కొట్టేస్తే కొంతకాలానికి వేరు కుళ్లి, అది ఉన్న చోట బొరియ మిగులుతుంది. ఆ బొరియలో వాన నీరు దిగి వెనుక మట్టిని తోడుకుపోతుంది. చెట్టు ఉన్నప్పుడు నిలబడిన గోడ చెట్టు పోయాక కూలడంలో వింత ఏమీ లేదు. కనుక ముదిరిన చెట్టును తీయాలంటే రాతిపని తెలిసినవారు దగ్గరుండి, రాళ్లకు గుర్తులు పెట్టి, విప్పి, వేరు తీసి, తిరిగి పేర్చవలసి ఉంటుంది.

రావిచెట్టు మీద చెయ్యి వేయడానికి ఊళ్లో వెనుకాడతారన్నది నిజమే. ఆ భక్తిని తప్పు పట్టనక్కరలేదు. మొక్కగా ఉన్నప్పుడే తీసి, గోడకు దూరంగా ఖాళీ స్థలంలో నాటితే భక్తి నిలుస్తుంది, గోడా నిలుస్తుంది. గట్టుకు తగినంత దూరంలో ఉన్న వేప నీడను ఎవరూ వద్దనరు. గోడలో మొలిచినదాన్ని ఉపేక్షించడం మాత్రం భక్తి అనిపించుకోదు.

నల్లరేగడి గుణం

నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య సుమారు 40 కిలోమీటర్ల దారిలో ఎక్కువగా కనిపించేది నల్లరేగడి. వేసవిలో ఆ నేల కాలు పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. వాన పడగానే ఉబ్బుతుంది. రైతుకు ఈ గుణం తెలుసు. బావి గోడకు కూడా తెలుసు. ఏటా ఎండకు వెనక్కి తగ్గి, వానకు ముందుకు నెట్టే మట్టిని ఆ గోడ మోస్తూ వస్తున్నది. పెద్దవాన తర్వాత వెనుక మట్టి నీటితో బరువెక్కి ఉంటుంది. ఆ సమయంలో గోడను లోపలి వైపు నుంచి ఆనుకొని నిలబెడుతున్నది బావిలోని నీరే.

ఇక్కడే మంచి ఉద్దేశంతో పెద్ద నష్టం జరుగుతుంది. వాన వెలవగానే మురికినీరు పోవాలని రెండు మోటార్లు బిగించి ఒక్క రాత్రిలో బావిని తోడేస్తారు. లోపలి ఆసరా పోతుంది. వెనుక నీటి ఒత్తిడి అలాగే ఉంటుంది. తెల్లవారేసరికి ఒక పక్క గోడ బొజ్జలా ముందుకు వస్తుంది, లేదా పూర్తిగా జారుతుంది. వానకు కూలిందని అందరూ అంటారు. నిజానికి కూల్చింది మోటారు. సిమెంటుతో కట్టిన ఇంటి ఈత కొలనును కూడా నేల తడిగా ఉన్నప్పుడు ఖాళీ చేస్తే, అడుగు నుంచి నీరు తన్ని నేల పగలడం, కొలను కొలనే పైకి లేవడం ఇతర దేశాల్లో సయితం జరిగే సంగతే. కనుక తోడవలసి వస్తే చుట్టుపక్కల జాలు తగ్గే వరకు ఆగి, రోజుకు కొంత చొప్పున మెట్టు మెట్టుగా తీయాలి.

చూడవలసిన వరుస

కోనేటిని పరీక్షించడానికి పెద్ద చదువు అక్కరలేదు. కావలసింది వరుస, ఓపిక. మొదట చేయవలసింది దిగకుండా ఉండటం. గట్టు చుట్టూ ఒకసారి నడవాలి. తెగి వేలాడే కరెంటు తీగ గాని, నీటిలో పడిన మోటారు తీగ గాని ఉంటే అక్కడితో ఆగి, లైనుమన్‌ను పిలవాలి. గట్టుకు సమాంతరంగా నేలలో కొత్త నెర్రె కనిపిస్తే దాని కింది గోడ కదలబోతున్నదని అర్థం. పిట్టగోడ నిన్నటికంటే వాలిందా అన్నది గుండుదారం వేలాడదీస్తే తెలుస్తుంది.

తర్వాత చెట్లు. విరిగి పడిన కొమ్మ కంటికి కనిపిస్తుంది. విరిగీ పడని కొమ్మ కనిపించదు, ప్రాణం తీసేది అదే. చెట్టు ఒక పక్కకు ఒరిగితే, ఆ వాలుకు ఎదురు పక్క మొదట్లో మట్టి పైకి లేచిందేమో చూడాలి. లేచి ఉంటే తర్వాతి గాలికి అది కోనేట్లోనే పడుతుంది.

మూడవది నీరు. మట్టం రోజూ ఉండే మెట్టు దగ్గరే ఉన్నదా? వాన లేకపోయినా పెరుగుతున్నదా, పడిపోతున్నదా? రాళ్ల సందుల్లోంచి జాలు రావడం సహజం. అది తేటగా వస్తే భయం లేదు. మట్టిరంగులో వస్తే మాత్రం గోడ వెనుక నేల కొట్టుకొస్తున్నదని, అక్కడ డొల్ల ఏర్పడుతున్నదని తెలుసుకోవాలి. ఎప్పుడూ తేటగా ఉండే ఊట కోనేరు వాన తర్వాత రంగు మారితే, పైనుంచి వరద నీరు లోపలికి దారి చేసుకున్నట్లు. ఆ దారిని మూయకుండా నీటిని ఎన్నిసార్లు శుభ్రం చేసినా ఫలితం ఉండదు.

నాలుగవది మెట్లు. పాచి పట్టిన మెట్టు జారుతుందని అందరికీ తెలుసు. కదిలిన మెట్టు అంతకంటే ప్రమాదం. కర్రతో తట్టితే గట్టి రాయికి ఒక చప్పుడు, కింద మట్టి పోయిన రాయికి మరొక డొల్ల చప్పుడు వస్తాయి. అలాంటి మెట్టు మీద సున్నంతో గుర్తు పెడితే చదువురానివారికి కూడా అర్థమవుతుంది.

చివరిది అడుగు. పిల్లల ప్రాణం ఉన్నది ఇక్కడే. నిరుడు రెండు నిలువుల లోతున్న చోట ఈసారి పూడిక చేరి నిలువు లోతే ఉండవచ్చు. గట్టు నుంచి తలకిందులుగా దూకే కుర్రవాడికి ఆ సంగతి తెలియదు. విరిగిన కొమ్మ, ముళ్లకంప, రేకు ముక్క బురద నీటిలో కనిపించవు. పొడుగాటి వెదురు వాసంతో అడుగుకొకచోట పొడిచి చూస్తే లోతూ తెలుస్తుంది, కొమ్మా తెలుస్తుంది. ఒక్క వాసం, ఒక్క పూట. ఇంతకంటే చవకైన కాపలా మరొకటి లేదు.

బాగుచేయబోయి పాడుచేయడం

చెట్టు కోనేట్లో పడితే ట్రాక్టరుకు మోకు కట్టి లాగడం ఊళ్లో మామూలు. మాను బయటికి వస్తుంది గాని, దానితో పాటు పది మెట్ల అంచులు ఊడివస్తాయి. నీటిలోనే రంపంతో ముక్కలు చేసి ఎత్తడం ఆలస్యమైనా మేలు. ఆకును కూడా తేలికగా తీసుకోరాదు. రాలిన ఆకు నీటిలో కుళ్లితే నీరు నల్లబడి వాసన వేస్తుంది, గాలి చాలక చేపలు తేలుతాయి. మొదటి రెండు రోజుల్లో వలతోనో జల్లెడతోనో తీసేస్తే ఆ బాధ లేదు.

మందు సంగతీ అంతే. తాగే బావికి బ్లీచింగు పొడి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల లెక్కన వేయాలని ఆరోగ్యశాఖ వారు చెబుతారు. అరవై అడుగుల చదరం, ఐదడుగుల లోతు ఉన్న నీటిని లెక్కగడితే ఐదు లక్షల లీటర్ల పైమాట. అందులో గుప్పెడు పొడి చల్లి ఫొటో తీయించుకుంటే పురుగు చావదు. ఆకు, మడ్డి తీయకుండా ఎంత వేసినా మందును ఆ మడ్డే మింగుతుంది.

సిమెంటు మోజు మరో చిక్కు. పాత మెట్ల సందులు జాలు బయటికి రావడానికి దారి. వాటిని సిమెంటుతో బిగిస్తే నీరు వెనుకే నిలిచి గోడను తోస్తుంది. సున్నంతో చేసిన పాత పనిని సున్నంతోనే సరిచేయాలి. అందుకు ఎక్కడి నుంచో నిపుణులను పిలిపించనక్కరలేదు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలికి దేశమంతటా పేరున్నది. దేవుళ్ల విగ్రహాలు చెక్కే ఊరు పక్కనే ఉండగా, ఆ దేవుడి కోనేటి మెట్టు విరిగి పడి ఉండటం చూసేవారికి ఎబ్బెట్టుగా తోచకమానదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది, బాధ వదిలిందని బావిని పైన కప్పేయడం. 2023 మార్చి 30న శ్రీరామనవమి నాడు మధ్యప్రదేశ్‌లోని ఇందౌర్‌లో ఒక ఆలయంలో పాత దిగుడు బావి మీద వేసిన కప్పు కూలి 36 మంది మరణించారు. కప్పు మీద కూర్చున్నవారిలో చాలామందికి కింద బావి ఉన్న సంగతే గుర్తులేదు. కంటికి కనిపించే బావి భయపెడుతుంది గనుక కాపాడుతుంది. కనిపించని బావి చంపుతుంది.

అలాగని పాడైపోయినదాని మీద ఆశ వదులుకోనక్కరలేదు. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్ల బావి చెత్తతో పూడిపోయి ఉండేది. దాన్ని తవ్వి, బాగుచేసి, 2022 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. ఇప్పుడు దాన్ని చూడటానికి మనుషులు వెతుక్కుంటూ పోతున్నారు. అయితే అక్కడ తవ్వడానికి పట్టిన శ్రమలో వెయ్యోవంతు, ఏటేటా చూసుకొని ఉంటే సరిపోయేది.

ఎవరి పని?

పదిమంది చేతిలో పాము చావదంటారు. కోనేటి గతి అదే. గుడిది దేవాదాయశాఖ, ఊరిది పంచాయతీ, పట్టణంలోనిది మునిసిపాలిటీ, పురాతనమైనది పురావస్తుశాఖ, పొలంలోనిది రైతు. అడిగితే ప్రతి ఒక్కరూ పక్కవారిని చూపిస్తారు. జిల్లా కేంద్రం కర్నూలులో ఉన్న రోజుల్లో దూరాన్ని సాకుగా చెప్పేవారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

దీనికి కొత్త శాఖ అక్కరలేదు, కొత్త నిధీ అక్కరలేదు. పంట నష్టం రాసే పుస్తకంలోనే గ్రామానికి ఒక పుట కోనేళ్లకూ బావులకూ కేటాయిస్తే చాలు. ఇంజినీరింగు పని తెలిసిన సిబ్బంది గ్రామ స్థాయికే వచ్చారు. వారిలో ఒకరు గాలివాన వెలిసిన మరునాడు పైన చెప్పిన వరుసలో చూసి, తేదీ వేసి, సంతకం చేయాలి. ఆ సంతకం పడే వరకు మెట్ల తలపున ఒక తాడు కట్టి, దిగరాదని పలక వేలాడదీయాలి. తోట బావులకు ఈ పని రైతే చేసుకోవాలి. తన బావిలో ఈదేది తన బిడ్డలూ, ఇరుగుపొరుగు బిడ్డలే గదా.

ఏడాదికి రెండుసార్లు, తొలకరికి ముందొకసారి, వానలు పూర్తిగా తగ్గాక సంక్రాంతి నాటికి ఒకసారి, గోడల్లో మొలిచిన మొక్కలు పీకించాలి. గట్టు మీద లోతు రాసిన పలక ఉండాలి, పూడిక చేరినప్పుడల్లా ఆ అంకె మార్చాలి. ఉత్సవాలకు దీపాలంకరణ చేసే ఆలయాలు ఆ ఖర్చులో కొద్ది భాగం మెట్లకు కేటాయిస్తే భక్తులెవరూ ఆక్షేపించరు.

వందల ఏళ్లుగా నిలిచినవి ఇప్పుడేం కూలుతాయన్న వాదన ఒకటి వినవస్తుంది. అవి వాటంతట అవి నిలవలేదు. ఊరి పెద్దలు ఏటా పూడిక తీయించారు, వెట్టికో కూలికో మనుషులు మొక్కలు పీకారు, రోజూ నీటికి వచ్చే ఆడవారు కదిలిన రాయిని ఆరోజే గుర్తించి చెప్పారు. బోరు, కుళాయి వచ్చాక ఆ కళ్లు అటు చూడటం మానేశాయి. రాయి మారలేదు, చూపు తప్పింది. ఆ చూపును మళ్లీ ఎవరో ఒకరికి ఉద్యోగధర్మంగా అప్పగించవలసి ఉన్నది.

వేసవిలో సాయంత్రపు గాలివానలు వస్తాయి. అదే సమయంలో బడులకు సెలవులూ వస్తాయి. ఆ రెండూ కలిసే నెలల్లో ఈ జిల్లాలోని ప్రతి దిగుడు బావి దగ్గరా ఒక పొడుగాటి వాసం, దాన్ని పట్టుకొని అడుగు చూసే ఒక మనిషి ఉండాలి. అధికారులు అంతమాత్రం ఏర్పాటు చేస్తే, పరిహారం జాబితాలో పసివాళ్ల పేర్లు రాయవలసిన అగత్యం రాకుండా ఉంటుంది.